ఒక పూట ఆయా

బంగారురాజు ఇంటికొచ్చి అడిగేసరికి ఎరుకమ్మ కాదనలేకపోయింది. అతను ఆమె పెనిమిటి మల్లేశుకి పిన్ని కొడుకు. ఆ మధ్య మల్లేశు పడవలోనే జ్వరంతో పడిపోతే, పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో పగలనక రాత్రనక కాచుకుని ఉన్నవాడు. ఇప్పుడు హార్బరుకి అవతల, బాంబూఫ్లాట్‌లో ముసలివాళ్ళని ఉంచి చూసుకునే నర్సింగ్ హోముకి మేనేజరు.

"ఒక్క పూట, వదినా. రేపు ఇన్‌స్పెక్షనుంది. ఉన్న ఆయాలు సాలరు. నువ్వొచ్చి ఓ పక్కన నిలబడితే సాలు."

"ఆయా పని నాకేటి తెలుసు? సేపలమ్ముకునేదాన్ని."

"పగటి డ్యూటీ అని సెప్పు. రాత్రికెంతమంది అంటే ముగ్గురం అను. మిగతాది నేను సూసుకుంటాను."

మల్లేశు వల బాగుచేసుకుంటూ తల కూడా ఎత్తలేదు. "ఎల్లిరాయే. బంగార్రాజు కదా అడిగినాడు," అన్నాడు.

పొద్దున్నే చేతులు బూడిదతో ఒకసారి, నిమ్మచెక్కతో ఒకసారి తోముకుంది. అయినా నీచు వాసన పోయినట్టనిపించలేదు. వాళ్ళుండే డైరీ ఫార్మ్ పేట నుంచి ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు కూడా బయల్దేరారు. ఫెర్రీలో పక్కింటి బుల్లమ్మ ఒకటే నవ్వు, నాటకానికి పోతున్నట్టు. ఎరుకమ్మకి నవ్వు రాలేదు. ముగ్గురం, ముగ్గురం అని లోపల అనుకుంటూ కూర్చుంది.

హోములో తలా ఒక నీలం అంచు తెల్లచీర ఇచ్చారు. కొత్తవి, కొట్టు మడతలు ఇంకా విడలేదు. అసలు ఆయాలు ఇద్దరే. పగలు కాసులమ్మ, రాత్రి ఇంకొకామె. పొడుగాటి హాల్లో రెండు వరసల మంచాలు, మంచానికొక మనిషి. ఎరుకమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఇంతమందికి ఒక్క మనిషా!

కాసులమ్మకి మాట్లాడే తీరిక కూడా లేదు. "ఆ వరస నీది అక్కా. ముందు కామమ్మ మామ్మని పక్కకి తిప్పు. ఒక్కదాన్నే తిప్పలేక నిన్నంతా అలాగే వదిలీసినాను," అని బకెట్ పట్టుకుని పోయింది.

కామమ్మ పడవలు కట్టే మొగుడితో కళింగపట్నం వైపునుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ముసలిదైంది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. కాళ్ళు పడిపోయి మంచం పట్టింది. ఎరుకమ్మ ఆమె భుజం కింద చెయ్యి వేసి మెల్లగా ఒత్తిగిల చేసింది. నడుం కింద, దుప్పటికి అతుక్కుపోయి, అరచేతి వెడల్పున పుండు కనిపించింది. ఎరుకమ్మ దుప్పటి అంచు పట్టుకుని మెల్లగా విడదీసింది. ముసలామె మాత్రం, నొప్పి తెలియనంతగా అలవాటు పడిపోయిందో ఏమో, మెడ తిప్పి ఆమె మొహంలోకి చూసి సంబరపడింది.

"కొత్తగా సేరినావేటే? నీ సెయ్యి మెత్తగుంది. ఎన్నాళ్ళకి పంపినారమ్మా మనుషుల్ని!"

ఎరుకమ్మ వేణ్ణీళ్ళతో పుండు తుడిచి, కాసులమ్మ ఇచ్చిన మందు రాసి, పొడిబట్ట పరిచింది. ఈలోగా హాలంతా పాకిపోయింది, కొత్త ఆయాలొచ్చారని. చూపులేని దానయ్య తాత బయట వరండాలో కూర్చోబెట్టమన్నాడు. కూర్చోబెడితే, మొహానికి సముద్రపు గాలి తగలగానే చిన్నపిల్లాడిలా నవ్వేశాడు. ఒకామె గోళ్ళు తీయమంది. ఇంకొకామె ఏమీ అడగలేదు, ఎరుకమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు, అంతే. చేపల గంపకి అలవాటుపడ్డ చేతులు ఆ పూట ఒక్క క్షణం ఖాళీగా లేవు.

పదకొండు కావస్తుండగా ఇన్‌స్పెక్షను డాక్టరు వచ్చాడు. గణేశ్వరరావు ఈ దీవుల్లోనే పుట్టి పెరిగిన మనిషి. తాతల నాటి తెలుగు సగం, హిందీ సగం. బంగారురాజు వెనకాలే నడుస్తూ ఫ్యాన్లు, కొత్త దుప్పట్లు, వంటిల్లు చూపించాడు. డాక్టరు కామమ్మ మంచం దగ్గర ఆగాడు.

"దీదీ, రాత్ కో ఎంతమంది ఉంటారు డ్యూటీలో?"

"ముగ్గురం సార్."

తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. డాక్టరు తలాడించి కామమ్మ వైపు వంగాడు. "అమ్మా, బాగా చూస్తున్నారా?"

"సూత్తన్నారు బాబూ. ఇదిగో, ఈ పిల్లొచ్చింది కదా. ఇంక నాకేటి బెంగ!"

ఆ మాట అబద్ధం కాదు. అందుకే డాక్టరు నమ్మేశాడు. తెల్లటి దుప్పటి కామమ్మ గడ్డందాకా కప్పి ఉంది. ఆయన ఆ దుప్పటి ఎత్తలేదు. ఎరుకమ్మ నాలిక చివరిదాకా వచ్చింది, ఎత్తి చూడండి బాబూ అని. బంగారురాజు కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. డాక్టరు పక్క మంచం దగ్గరికి నడిచాడు.

మధ్యాహ్నానికల్లా అంతా అయిపోయింది. చీరలు విప్పించి మడతపెట్టేశారు. వెళ్ళబోతుంటే కామమ్మ కేక వేసింది. "రేపు తల దువ్వుతావేటే?"

"ఆ, అలాగే మామ్మా," అనేసింది ఎరుకమ్మ.

ఆ సాయంత్రం ఎరుకమ్మకి ఏ పనీ సాగలేదు. పొయ్యిమీద అన్నం అడుగంటింది. మల్లేశు ఏదో అంటే కసురుకుంది. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎటు పోవాలో తెలియలేదు. "ఏటైందే నీకు?" అన్నాడు మల్లేశు. "ఆ ముసిల్దానికి మాటిచ్చీసినాను," అంది. "ఊరుకోయే, రేపటికి మర్సిపోద్ది," అన్నాడు. మరిచిపోదని ఎరుకమ్మకి తెలుసు. మంచంలో ఉన్న మనిషికి రేపు అనేది ఎంత పెద్దదో ఒక్క పూటలోనే చూసింది.

మర్నాడు గంప దించేసి ఫెర్రీ ఎక్కింది.

ఆమెని చూడగానే కాసులమ్మ భగ్గుమంది. "మళ్ళీ ఎందుకొచ్చినావక్కా? నిన్నట్నించి కొత్తోళ్ళేరి, కొత్తోళ్ళేరి అని నా పేణం తీస్తన్నారు. దానయ్య తాత తిండి మానీసినాడు. లేనప్పుడు లేదని ఊరుకునేవోళ్ళు. మీరొచ్చి ఆశ పెట్టి పోనారు."

ఎరుకమ్మ కొంగు బిగించింది. కామమ్మ తల దువ్వింది, తాతకి గంజి తాగించింది. పొద్దెక్కాక బంగారురాజు వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "డాక్టరు బాగుందన్నాడంట, వదినా!"

"ఆ ముసిల్దాని నడుం సూసినావా నువ్వు?"

అతని మొహంలో వెలుగు పోయింది. ఆమెని వరండాలోకి పిలిచాడు. "సూడకేటి? మనుషులు దొరకరు. దొరికినోళ్ళు నెల తిరక్కండా ఎల్లిపోతారు. మెయిన్‌ల్యాండ్‌లో ఉన్న ఓనరుకి ఫోను సేసి సేసి నా నోరు పడిపోయింది. నేనేటి సెయ్యను?"

"డాక్టరు బాబుకి సెప్పు."

"సెప్తే మూసెయ్యమంటారు. మూసేస్తే ఈళ్ళెక్కడికెల్తారు? నువ్వు తీసుకెల్తావా నీ ఇంటికి?"

ఎరుకమ్మ వరండా మెట్లు దిగిపోయింది. ఫెర్రీలో తిరిగి వస్తున్నంతసేపూ కూర్చోకుండా ఆ కొస నుంచి ఈ కొసకి తిరిగింది. మూసేస్తే పాపం తనది. ఊరుకుంటే ఆ పుండు తనది. జెట్టీలో దిగాక ఇంటివైపు నాలుగడుగులు వేసింది. మళ్ళీ వెనక్కి తిరిగి, దారడిగి గణేశ్వరరావు ఆఫీసుకి పోయింది.

డాక్టరు ఆమెని గుర్తుపట్టాడు. ఆమె కామమ్మ పుండు సంగతి, ఒక్క పూటకి తెచ్చిన ఆయాల సంగతి చెప్పింది. విన్నాక లేచి నిలబడ్డాడు.

"నిన్న నా ఎదురుగా నిలబడి ముగ్గురం అన్నది మీరే కదా దీదీ?"

"నేనే బాబూ. నన్నేటి సేసినా సెయ్యండి. ఆ హోముని మాత్రం మూసెయ్యకండి. మనుషుల్ని పెట్టించండి."

"మీరు చెప్పినట్టల్లా నేను చెయ్యాలా?" అని విసుక్కున్నాడు. మళ్ళీ కుర్చీలో కూర్చుని గొంతు తగ్గించి, "చీరల మడతలు చూశాను. కొత్తవేమిటా అనుకున్నాను కూడా. దుప్పటి ఎత్తాల్సింది. నాదే గల్తీ," అన్నాడు.

రెండోసారి ఆయన చెప్పకుండా వెళ్ళాడు, అన్నాలు పెట్టే వేళకి. కాసులమ్మ ఒక్కతే ఒక చేత్తో తినిపిస్తూ ఇంకో చేత్తో మూతులు తుడుస్తోంది. ఈసారి ప్రతి దుప్పటీ ఎత్తి చూశాడు. మూయించలేదు. కొత్తగా ముసలివాళ్ళని చేర్చుకోకూడదన్నాడు. పగలు నలుగురు, రాత్రి ముగ్గురు ఆయాలూ, ఒక నర్సూ లేకపోతే ఈ ఏడాది లైసెన్సు లేదన్నాడు. కామమ్మని ఆ రోజే పెద్దాసుపత్రికి పంపించాడు. ఓనరు విమానంలో దిగి బంగారురాజుని అందరి ముందూ తిట్టి, మనుషుల్ని వెతికే పని మళ్ళీ అతని నెత్తినే పెట్టి వెళ్ళాడు.

సిప్పీఘాట్ నుంచి ఇద్దరు ఆడపిల్లలు చేరారు. ఒకతి వారం తిరక్కుండా మానేసింది. డైరీ ఫార్మ్ నుంచి బుల్లమ్మ చేరింది, ఈసారి నిజంగానే. ఇంకా మనుషులు సరిపోలేదనే కాసులమ్మ చెబుతోంది. బంగారురాజు మల్లేశు ఇంటి గుమ్మం తొక్కడం మానేశాడు. ఫెర్రీలో ఎదురుపడితే తల తిప్పుకుంటాడు. "నా పేణం కాపాడినోడే ఆడు," అని మల్లేశు ఒకసారి అన్నాడు. ఎరుకమ్మ గంప ఎత్తుకుని బయటికి నడిచింది. ఆ మాట అబద్ధమని ఎలా అంటుంది?

బేరం అయ్యాక వీలైనప్పుడల్లా పెద్దాసుపత్రికి పోతోంది. పుండు ఎండుతోందని నర్సమ్మలు చెప్పారు. కామమ్మకి మాత్రం కోపంగా ఉంది.

"నన్నెందుకు తెచ్చి పడేసినావే ఇక్కడ? ఇక్కడ అందరూ హిందీలో మాటాడతారు. అక్కడైతే దానయ్య పాత ఊసులు సెప్పీవోడు. సముద్రం సప్పుడు ఇనపడేది."

"పుండు మానాలి కదా మామ్మా."

"మానితే పంపిస్తారా? అక్కడ మనుషులున్నారా ఇప్పుడు?"

ఉన్నారని చెప్పబోయి ఎరుకమ్మ ఆగింది. "కొందరున్నారు మామ్మా. ఇంకా రావాలి," అంది.

కామమ్మ అవతలి పక్కకి మొహం తిప్పుకుంది. ఎరుకమ్మ కాసేపు స్టూలు మీద కూర్చుంది. కూర్చోలేక లేచింది. నడవాలో గణేశ్వరరావు అటుగా వెళ్తుంటే చూసి, ఆయన వెనకాల గబగబా నడిచింది, బాంబూఫ్లాట్‌కి నర్సమ్మని ఎప్పుడు వేయిస్తారో అడగడానికి.