మూకాయి రాయి

రాతి మీద ఒక్క అక్షరం కూడా మిగల్లేదు.

కళైవాణి చేతిలోని చింతపండు నీళ్ల చెంబు జారి మెట్ల మీదుగా దొర్లిపోయింది. నిన్న సాయంత్రం దాకా నూనె, పసుపు పట్టి నల్లగా నిగనిగలాడిన నిలువెత్తు రాయి, ఇప్పుడు ఉలి దెబ్బలకు తెల్లబారి ఉంది. కింద గుప్పెళ్లకొద్దీ రాతిపొడి.

మదురై అవతల ఆండిపట్టి దాటి కొండెక్కితే వచ్చే ముప్పై ఇళ్ల ఊరు కళైవాణి వాళ్లది. వచ్చినవాళ్లకు చూపించుకోవడానికి మూడే ఉన్నాయి. ఎండల్లోనూ ఇంకని ఊటగుంట, పూర్వీకుల ఎద్దులు నడిచిన బాట, ఈ రాయి. మూకాయి అనే ముసలామె ఏడు కుటుంబాలను వెంటబెట్టుకుని ఆంధ్రదేశం నుంచి నడిచొచ్చి, గుంట తవ్వించి, ఊరు నిలబెట్టిందని రాతి మీద రాసి ఉంది.

ఉందని వెంకటేశన్ తాత చెప్పాడు. ఇళ్లలో అందరిదీ తెలుగే, చదువులు మాత్రం తమిళం. ఊళ్లో తెలుగు చదవగలిగింది తాత ఒక్కడే. ఏటా జాతరలో అక్షరాల మీద వేలు జరుపుతూ గొంతెత్తి చదివేవాడు. అమ్మానాన్నలు సూలూరు మిల్లుకు పనికి పోతే, కళైవాణిని పెంచింది కూడా ఆయనే.

ఆ కథంతా ఆమె నోటుపుస్తకంలో రాసుకుంది. మదురైలో నర్సుగా పనిచేస్తూ తీరిక దొరికినప్పుడల్లా తెలుగు అక్షరాలు నేర్చుకుంది. ఈరోజు పదింటికి శాసనాలు చదివే ఆవిడ వస్తోంది. ఆవిడ సరేనంటే మూకాయి పేరు అచ్చులోకి ఎక్కుతుంది. ఫోనులో ఎన్ని ఫొటోలు తీసినా పసుపు ముద్ద తప్ప ఏమీ పడదు. అందుకే రాతిని కడగడానికి పొద్దున్నే వచ్చింది.

కళైవాణి అరుపు విని జనం పోగయ్యారు.

“మన కొండ మీద కన్నేసిన క్వారీవాళ్ల పనే ఇది, సందేగమే లేదు!” అంటూ కానిస్టేబుల్ రామ్‌కుమార్ ఫోను తీశాడు. “స్టేషనుకు చెప్తా. ఒక్కొక్కణ్ణి లోపల ఏయిస్తా!”

“ఊరకుండురా పోలీసోడా!” అంది మారియమ్మ అత్త. “క్వారీవాడు మిషను పెట్టి ఒక్క తోపు తోసిపోతాడు గానీ, ఇంత పొందిగ్గా కొడతాడా? చూడు, మా ఇంటి రోలుకన్నా అందంగా ఉండాది.”

అత్త నవ్వింది. కళైవాణి నవ్వలేదు. వంగి చూసింది. చుక్క పక్కన చుక్క, వరసలన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. అచ్చం అరిగిన రోలుకు గరుకు తేలేలా కక్కు కొట్టినట్టు. ఊళ్లో ప్రతి రోలు మీదా ఇదే వాలు. వాటన్నిటికీ కక్కు కొట్టింది ఒకే ఒక్క ఎడమచేతివాటం మనిషి.

“ఫోను పెట్టేయన్నా” అంటూ ఆమె బాట దిగింది.

వెంకటేశన్ తాత అరుగు మీద ఎడమచేత్తో గిన్నె పట్టి గంజి తాగుతున్నాడు. “రా పాపా, నువ్వూ కొంచెం తాగుతావా?”

“చేతులు చూపించు తాతా.”

ఆయన చూపించలేదు. ఖాళీగా ఉన్న కుడిచెయ్యి ఆమే పట్టుకుని తిప్పింది. గోళ్లలో పసుపు కలిసిన రాతిపొడి.

“చిన్నప్పుడు నా వేలు పట్టుకొని, ఇదే ‘మూ’ అని దిద్దిస్తివి. మదురైలో తెలుగు టీచర్ చూసి, ఇట్ల ఎళుత్తే, ఇట్ల అచ్చరమే లేదమ్మా అని నవ్వింది. మా తాతకు తెలుసు, ఇది పాత ఎళుత్తు అని ఆమెతో కొట్లాడితి. నీకోసరం కొట్లాడితి తాతా!”

ముసలాయన గంజి గిన్నె కింద పెట్టాడు.

“పోయిన వారం ఫోనులో చెప్తివే, ఈసారి నేనే సదువుతా అని. ఆపొద్దు నించి కన్ను మూయలే. నాకు సదవను రాదు పాపా. ఎప్పుడూ రాదు. మా నాయన పోయినపొద్దు ఊరంతా నన్నే చూసింది, ఇంక ఎవురు సదువుతారు అని. నేను సదువుతా అంటిని. నాయన నోట విన్నది ఒప్పజెప్తిని. యాభై ఏండ్లు అదే పొయ్, అదే అబద్దం చెప్తిని. మా నాయనకైనా వచ్చునో లేదో. నువ్వు కడిగి సదివితే, ఆడ మూకాయి లేకపోతే? ఎవురో రాజు పేరో, ఇంకో ఊరి కతో ఉంటే? ఊరు నన్ను పొయ్‌గాడంటే అననీ. నువ్వు గూడా అంటావే అని బయం. దానికే కొట్టేస్తి. కొట్టేముందు ఒక్కొక్క ఎళుత్తునూ తడిమి చూస్తిని పాపా, ఇప్పుడైనా ఏమన్నా తెలుస్తాదా అని. తెలీలే. నేను చెరిపింది ఏందో నాకే తెల్దు.”