ఐదో హెచ్చరిక

హనౌ పట్టణంలో ఒక నాలుగంతస్తుల భవనం ముందు నిలబడి జగన్మోహన్ కాలింగ్ బెల్లుల వరుసను చదివాడు. జర్మనీలో బెల్లు పక్కన ఫ్లాటు నంబరు ఉండదు, ఇంటిపేరే ఉంటుంది. అతని చేతిలోని కాగితంలో మాత్రం పేరు లేదు. ఏడంకెల సంఖ్య, వీధి, మూడో అంతస్తు, ఎడమవైపు. అంతే.

జైలుకు బదులుగా, కాలికి పట్టీతో ఇంట్లో ఉండమని కోర్టు ఆదేశించినవారి పరికరాలను సరిచూసే కంపెనీలో అతనికది తొమ్మిదో ఏడు. మనిషి ఎవరో ముందే తెలిస్తే కొలత వంకర పోతుందని వాదించి, కాగితం మీద పేరు లేకుండా చేయించింది అతనే. పొరపాటున తెలిసినవారి ఇల్లు తగిలితే గడప తొక్కకుండా ఆఫీసుకు ఫోన్ చేసి వెనుదిరగాలన్న నియమం కూడా అతను రాసిందే.

మూడో అంతస్తు, ఎడమవైపు బెల్లు పక్కన "డ్రెషర్" అని ఉంది.

మూడేళ్ళ కిందట హోల్గర్ డ్రెషర్ పట్టపగలు తాగి కారు నడిపి, సైకిలు మీద యూనివర్సిటీకి వెళ్తున్న సరయును గుద్దాడు. జగన్మోహన్ ఒక్కగానొక్క కూతురి ఎడమకాలిలో ఇప్పుడు రెండు లోహపు కడ్డీలున్నాయి, చేతిలో ఊతకర్ర ఉంది. కోర్టు రెండేళ్ళ శిక్ష వేసి, దాన్ని షరతుల మీద నిలిపివేసింది. కారు ముట్టకూడదు. రాత్రిళ్ళూ, ఆదివారం మధ్యాహ్నం వరకూ ఇల్లు కదలకూడదు. కాలికి పట్టీ ఉండాలి. షరతు తప్పితే నిలిపివేసిన శిక్ష మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది.

ఫోను జేబులోనే ఉంది. జగన్మోహన్ బెల్లు నొక్కాడు.

తలుపు తీసిన మనిషి అతన్ని గుర్తుపట్టలేదు. కోర్టులో రెండు రోజులు తన వెనుక వరుసలో కూర్చున్న తండ్రి ముఖాన్ని అతను ఒక్కసారీ తిరిగి చూడలేదు మరి. కాఫీ ఇవ్వబోయాడు, జగన్మోహన్ వద్దన్నాడు. ఐదు వారాల్లో ఐదుసార్లు తాను ఇంట్లో లేనట్టు కేంద్రానికి హెచ్చరిక వెళ్ళిందనీ, పర్యవేక్షణాధికారిణి నమ్మడం లేదనీ, పట్టీ సంకేతాన్ని అందుకునే ఇంట్లోని పెట్టె పాడైందని ఒక్క ముక్క రాసిస్తే చాలుననీ డ్రెషర్ చెప్పుకొచ్చాడు.

"ఆ ఐదుసార్లూ ఏం చేస్తున్నారు?" అని జగన్మోహన్ అడిగాడు.

"స్నానం. వేడినీళ్ళ తొట్టిలో పడుకుంటే తప్ప నడుము లేవదు. ఆ యాక్సిడెంటులో పట్టేసింది. ఎవరో సైకిలు పిల్ల అడ్డం వచ్చింది లెండి."

 జగన్మోహన్ సంచిలోంచి మీటరు తీసి, మామూలు పద్ధతి ప్రకారం ఆ మనిషిని గదిగదికీ నడిపించాడు. వంటిల్లు, పడకగది, బాల్కనీ: పట్టీ పంపే సంకేతం అన్నిచోట్లా పెట్టెకు శుభ్రంగా అందింది. తర్వాత తొట్టి నింపించి, అందులో కూర్చోమన్నాడు. పాతకాలపు ఇనుప తొట్టి, పైన తెల్లటి పూత. పట్టీ నీట మునగగానే మీటరు ముల్లు సున్నాకు పడిపోయింది. కాలు పైకెత్తమన్నాడు, ముల్లు లేచింది. మూడుసార్లు చేయించాడు, మూడుసార్లూ అంతే. ఇనుమూ నీళ్ళూ కలిసి సంకేతాన్ని మింగేస్తున్నాయి. పెట్టెను బిగించినవాడు అన్ని గదులూ నడిపించాడు కానీ తొట్టిలో కూర్చోబెట్టలేదు.

అంటే మనిషి చెప్పింది నిజం. పెట్టెను స్నానాలగది గోడకు మారిస్తే పది నిమిషాల పని.

జగన్మోహన్ దాన్ని మార్చలేదు. ఫలితం రెండు రోజుల్లో వస్తుందని చెప్పి మెట్లు దిగాడు. కారులో కూర్చుని నివేదిక తెరిచాడు. "పరికరంలో లోపం లేదు" అని రాశాడు. ఆ వాక్యంలో అబద్ధమన్నది లేదు. పట్టీ బాగానే ఉంది, పెట్టె బాగానే ఉంది. తొట్టి గురించి ఫారంలో ఎవరూ అడగలేదు. ఆ మూడు మాటల మీద ఒక మనిషి రెండేళ్ళు లోపలికి వెళ్తాడు. ఆ వాక్యాన్ని ఇంకోసారి చదువుకున్నాడు. పంపడానికి మాత్రం మర్నాటిదాకా గడువుంది. ముందు సరయుకు చెప్పాలనుకున్నాడు.

ఇలాంటివి ఇంట్లో మాట్లాడకూడదు. ఆ నియమమూ ఆ రోజే పోయింది. కూతురు సంతోషిస్తుందనుకుని భోజనాల బల్ల దగ్గర అంతా చెప్పాడు. సరయు పళ్ళెం పక్కకు నెట్టింది.

"అడ్డం వచ్చిందన్నాడా?"

"అన్నాడు."

"వాడు లోపలికి పోవాలె నాన్నా. ఆ కోరిక నీకంటే నాకెక్కువుంది. కానీ ఇట్ల పంపితే ఏమైతది? వాని లాయర్ ఒక ఎక్స్‌పర్ట్‌ను తెస్తడు. వాడు టబ్బుల నీళ్ళు నింపుతడు. ఐదు హెచ్చరికలూ కోర్టుల కొట్టేస్తరు. పైన టెక్నీషియన్ ఎవరంటే, నా తండ్రి. అప్పుడు బాధితుడు ఎవరు, వాడా నేనా?"

జగన్మోహన్ ఆమె పళ్ళేన్ని మళ్ళీ దగ్గరికి జరిపాడు.

"ఐదుసార్లూ టబ్బేనా? చూసినవా?"

అతను చూడలేదు. తొట్టి దొరకగానే చూడటం మానేశాడు. కొత్తగా చేరినవారికి అతను మొదటిరోజే చెప్పే మాట, ఒక కారణం దొరికిందని లెక్క ముగించకండని. ఆ మాట చెప్పే మనిషి, తనకు కావలసిన ఫలితం చేతికి రాగానే సంచి సర్దుకుని వచ్చేశాడు. పట్టీలో కదలికను గుర్తుపెట్టుకునే చిన్న పరికరం ఒకటుంటుంది. పెట్టెకు సంకేతం అందకపోయినా అది తన పాటికి తాను నమోదు చేసుకుంటూ, మళ్ళీ అందగానే అంతా పంపేస్తుంది. ఆ నమోదును అతను ఇప్పుడు లాప్‌టాప్‌లో తెరిచాడు.

నాలుగు హెచ్చరికలు రాత్రివేళవి, ఇరవై, ఇరవై అయిదు నిమిషాలవి. కాలు దాదాపు కదల్లేదు. నీళ్ళలో పడుకున్న కాలే. ఐదోది ఆదివారం ఉదయం పదింటిది, యాభై రెండు నిమిషాలు. అందులో ముందు మెట్లు దిగిన అడుగులున్నాయి. తర్వాత అడుగుల్లేని సన్నటి అదురు, మధ్యలో ఆగి మళ్ళీ మొదలైన అదురు. ఇంజను పక్కన ఆనించిన కాలిది.

సరయు తెర మీది గీతను వేలితో చివరిదాకా చూపింది. "బస్సు కూడా కావచ్చు," అంది.

"కావచ్చు," అన్నాడు జగన్మోహన్. "ఏదైనా ఇంట్లో లేడు."

"ఇది చాలు. కానీ నువ్వు పట్టుకోవద్దు. నీ చెయ్యి తగిలితే ఇది కూడా పాడైతది."

మర్నాడు ఉదయం అతను నివేదిక చెరిపేసి, పై అధికారిణి ఫ్రౌ కెస్లర్ ఎదుట నిలబడి మొత్తం చెప్పాడు. ఎవరి ఇంటికి వెళ్ళాడో, బెల్లు దగ్గర ఎందుకు ఆగలేదో, ఇంట్లో ఎవరికి చెప్పాడో. ఐదో హెచ్చరికలో ఏముందో మాత్రం చెప్పబోతుంటే ఆమె చెయ్యెత్తి ఆపేసింది. అతను చూసింది ఇక సాక్ష్యం కాదు. ఇంకొకరు మొదటినుంచి చూస్తారు. అతనికి రాతపూర్వక హెచ్చరిక, ఆర్నెల్లు బయటి పనులకు దూరం. కేసు ఇస్సాకుకు వెళ్ళింది.

 ఇస్సాకు గుంటూరువాడు, మంచివాడు, పని తొందరగా ముగించి ఇంటికి వెళ్ళేవాడు. తొట్టి దొరకగానే ఐదూ దానికే అంటగట్టి సంతకం పెట్టేస్తాడని జగన్మోహన్ భయం. పక్క బల్లే. ఒక్క మాట చాలు. తొమ్మిది రోజులు ఆ మాటను నాలుక కింద పెట్టుకుని కూర్చున్నాడు. కాఫీ యంత్రం దగ్గర ఇస్సాకు ఎదురైతే వాతావరణం గురించి మాట్లాడాడు. జీవితంలో అంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు.

పదో రోజు ఇస్సాకే వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"నివేదిక పంపేశానండీ, ఇప్పుడు చెప్పొచ్చంట. ఆ టబ్బులో నేనే నిక్కరేసుకుని దిగానండీ, నా కాలికి పట్టీ కట్టుకుని. సిగ్నల్ పోయింది. సరే, అయిపోయిందనుకున్నా. ఇంటికెళ్దామని లేచానండీ. అంతలో మీరు గుర్తొచ్చారు. రోజూ బుర్ర తినేస్తారు కదా, ఒక కారణం దొరికితే ఆగొద్దని. మళ్ళీ కూర్చుని ఐదూ విడివిడిగా తీశా."

"ఊఁ."

"నాలుగు కొట్టేయమని రాశానండీ. ఐదోది మాత్రం వదల్లేదు. పోలీసులు వెతికితే ఆ ఆదివారం పొద్దున పెట్రోలు బంకు కెమెరాలో దొరికాడంట. స్టీరింగు వెనక."

జగన్మోహన్ తలూపాడు. ముఖంలో ఏదీ కనబడనివ్వలేదు. ఇస్సాకు వెళ్ళాక బల్ల అంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు.

ఏడు వారాల తర్వాత జడ్జి ఆదేశం వచ్చింది. డ్రెషర్ లాయరు స్నానపు తొట్టి గురించి చెప్పడం మొదలుపెడితే, అది నివేదికలోనే ఉందని జడ్జి కాగితం తిప్పి చూపారట. శిక్ష మళ్ళీ లేచింది. రెండేళ్ళు.

జైలుకు వెళ్ళేవాడికి పట్టీ అక్కర్లేదు. కత్తిరించిన పట్టీ, ఇంటి పెట్టె ఒక బూడిదరంగు ప్లాస్టిక్ డబ్బాలో మరమ్మతు గదికి తిరిగి వచ్చాయి. బయటి పనులు లేని జగన్మోహన్ వంతు అదే. కొత్తవారికి తొడగబోయే ముందు ప్రతి పరికరాన్నీ కడిగి, అన్ని పరీక్షలూ చేయాలి. అతను తెగిన పట్టీని తీసేసి, గడియారంలాంటి నల్లటి యంత్రాన్ని స్పిరిట్ దూదితో తుడిచాడు. బ్యాటరీ, సంకేతం, కదలిక, ఒక్కటీ వదలకుండా చూశాడు. చివర బకెట్టు నీళ్ళలో ముంచి తీశాడు. ఫారంలో లేని ఆ పరీక్షకు కింద తనే ఒక గడి గీసి చేర్చాడు.

సరయుకు ఫోన్ చేసి, చేతిలో ఏముందో చెప్పాడు. అటువైపు ఊతకర్ర నేల మీద ఆనుతున్న చప్పుడు వినిపించింది.

"మంచిగ పని చేస్తున్నదా?" అని అడిగింది.

జగన్మోహన్ కలం తీసి, తొందర లేకుండా, ఒక్కో అక్షరమూ రుచి చూస్తున్నట్టు రాశాడు: పరికరంలో లోపం లేదు.