అందరూ తిన్నాక

రామలక్ష్మి ఆ ఇంటి మగవాళ్ల పొడుగాటి అంగీలకు, దిష్దాషాలకు, ఇస్త్రీ చేస్తుండగా భర్త వీరబ్రహ్మం ఫోన్ చేశాడు. ఊళ్లో తన అమ్మ జారిపడి తుంటి విరిగిందనీ, మంచం దిగలేకపోతోందనీ, ఇక కూతురు ఈశ్వరిని బడి మాన్పించక తప్పదనీ చెప్పాడు. "ఇంట్లో ఒండేదానికి ఆడమనిషి ల్యాకుంటే ఎట్లా?" అన్నాడు. రామలక్ష్మి "ఊఁ" అంది. ఫోన్ పెట్టేశాక, తన నోట్లోంచి ఆ "ఊఁ" ఎలా వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు.

కూతురిది తొమ్మిదో తరగతి. తనను ఏడులోనే మాన్పించారు, తమ్ముడు పుట్టాడని. ఎవరూ కసరలేదు, కొట్టలేదు. "ఈ నాలుగు దినాలే" అంది అమ్మ. ఆ నాలుగు దినాలు అలా సాగి సాగి, కడప దాటి, సముద్రం దాటి, ఒమాన్‌లోని సహం అనే ఊళ్లో తాను పనిచేసే ఈ వంటింటి దాకా వచ్చాయి. వీరబ్రహ్మం చెడ్డవాడేం కాదు. మంచి వడ్రంగి. ఆమె ఒమాన్‌కు బయల్దేరిన రోజు మొహం అటు తిప్పుకుని ఏడ్చాడు. కానీ ఆమెకు జ్వరమొస్తే వంటింటి గుమ్మంలో నిలబడి, "కొంచెం తగ్గినాక లేసి ఒండుదువులే" అని ఎంతో మెత్తగా అనేవాడు. ఆ మెత్తదనం మీద కోపం ఎలా తెచ్చుకోవాలో ఆమెకు తెలిసేది కాదు. అత్తేమో, "మా వోడు పొయ్యి కాడికి పోతే ఊరు నగుతాది" అనేది.

ఈ ఇంటి పెద్దావిడ హెలెనా. పోలండ్ మనిషి. అక్కడ చదువుకోవడానికి వచ్చిన ఒమానీ యువకుణ్ణి పెళ్లాడి, అతని వెంట వచ్చి, ఇక్కడే ముసలిదైంది. ఇంట్లో అందరూ అమ్మ అనే అర్థంలో ఆమెను మామా అంటారు, రామలక్ష్మి కూడా. ఇద్దరూ మాట్లాడుకునేది అరబ్బీ. ఇద్దరికీ అది పెద్దయ్యాక నేర్చుకున్న భాషే కాబట్టి, ఒకరి తప్పులు ఒకరికి భలేగా అర్థమవుతాయి.

ఆ శుక్రవారం మగవాళ్లు నమాజుకు వెళ్లాక హెలెనా తన దేశపు సినిమా పెట్టి, రామలక్ష్మిని సోఫాలో పక్కనే కూర్చోబెట్టుకుంది. చిన్నప్పుడు తాను ఇష్టంగా చదివిన నవలనే సినిమాగా తీశారట. తెర నిండా మంచు, గుర్రబ్బండ్లు. ఒక పొడుగాటి బల్ల చుట్టూ మగవాళ్లు. ఒక తల్లి వాళ్లకు వడ్డిస్తూనే ఉంది. పట్నంలో చదవాలని ఆశపడుతున్న కూతురిని పొలం పనికి ఉంచెయ్యాలని వాళ్లు తింటూనే తేల్చేశారు. తల్లి ఏదో అనబోయింది. ఎవరో రొట్టె అడిగారు. లోపలికి వెళ్లిపోయింది.

ఆ తల్లి ఏం చెప్పాలనుకుందని రామలక్ష్మి అడిగింది. హెలెనా సినిమా ఆపింది. అది సినిమాలో లేదంది, పుస్తకంలో మాత్రం పేజీ నిండా ఉందంది.

"అందరూ తిన్నాక చెబుదామనుకుంటుంది. వాళ్లు తినడం ఎప్పటికీ అవ్వదు."

రామలక్ష్మికి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఈశ్వరి సంగతి చెప్పింది. హెలెనా సలహాలేమీ ఇవ్వలేదు. మోకాళ్లు పట్టుకుని లేచి, వంటింట్లోకి వెళ్లి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చింది. ఈ దేశం వచ్చాక రామలక్ష్మి ఇంకొకరు పెట్టిన టీ తాగడం అదే మొదలు. చక్కెర మరీ ఎక్కువైంది. అయినా అడుగు కనిపించేదాకా తాగింది.

మర్నాడు పొద్దున్నే హెలెనా తన ఫోన్ తెచ్చి, ఇంటికి మాట్లాడమని ఆమె చేతిలో పెట్టింది.

"మీయమ్మకు చేసిపెట్టేదానికి నువ్వుండావు కదయ్యా," అంది రామలక్ష్మి భర్తతో. "ఈశ్వరి బడికి పోతాది."

"నాకు వంట యాడ వచ్చాది?"

"తలుపుల మీద పూలు చెక్కే చేతులు. అవే నేర్చుకుంటాయి."

అమ్మ ఒప్పుకోదన్నాడు. ఊళ్లో నవ్వుతారన్నాడు. నవ్వనిమ్మంది.  ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఆయన మాట కాదనడం ఇదే మొదలు. మాట మార్చుకుందామా అని కూడా అనిపించింది. మార్చుకోలేదు.

ఫోన్లో గిన్నె చప్పుడైంది.

"బియ్యంలో నీళ్లెంత పొయ్యాల?" అన్నాడు వీరబ్రహ్మం, బాగా గొంతు తగ్గించి.

వెనక నుంచి ఈశ్వరి నవ్వు వినిపించింది. ఇటియ్యి నాయనా, నేను చేచ్చాలే అంటోంది.

"ఫోన్ దానికియ్యి," అంది రామలక్ష్మి. కూతురు అందుకోగానే చెప్పింది: "నువ్వు సంచి తీసుకోని బడికి పో మ్మే. మీ నాయనకు నేను చెప్తా."