మీరా భాయ్ ఎడమచెయ్యి

వేసవి నుంచి నాకు మీరా మొహిద్దీన్ ఎడమచెయ్యి అంటే భయం పట్టుకుంది.

అతను తెనాలిలో ఆర్కెస్ట్రా నడుపుతాడు. కీబోర్డు తనే వాయిస్తాడు. నేను బాపట్ల నుంచి రైల్లో వెళ్ళి వాళ్ళతో బేస్ గిటారు వాయిస్తాను; పాటకి అడుగున మోగే మంద్రస్వరాలు దానివే. కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం చేసిన రోజుల్లోనూ ఇది మానలేదు. రిటైరయ్యాక, మా ఆవిడ ధనలక్ష్మి పోయాక, నలుగురి మధ్య కూర్చునే సందర్భం ఇదొక్కటే మిగిలింది.

ఎండలు ముదిరిన రోజుల్లో గడప దగ్గర తడిలో కాలుజారి కుడిచేతి మీద పడ్డాను. ఎముక అతుక్కుంది గాని, చూపుడువేలికీ మధ్యవేలికీ మునుపటి బలం రాలేదు. ఒక స్వరం గట్టిగా మోగుతుంది, దాని పక్కది వినీ వినపడకుండా పోతుంది. పోయిన రిహార్సల్లో అలాగే ఒక స్వరం మింగేస్తే, పాడే అమ్మాయి షాహీనా చరణం ఎత్తుకోలేక ఆగిపోయింది.

"నాదే తప్పు బాబాయ్," అంది.

తనది కాదని అందరికీ తెలుసు. పాట మళ్ళీ మొదలైనప్పుడు మీరా భాయ్ ఎడమచెయ్యి కీబోర్డు కింది మెట్ల మీదికి జరిగి, నేను వాయించాల్సినదంతా తనే వాయించేసింది.

మర్నాడు అతని ఫోను వచ్చింది.

"మాస్టారూ, గురువారం రేపల్లెలో రిసెప్షనండి. రండి. చెయ్యి ఇబ్బంది పెడితే మాత్రం బేస్ నేనే చూసుకుంటా. తర్వాత సంగతి అదయ్యాక మాట్లాడుకుందాం."

"తర్వాత సంగతంటే ఏంటి భాయ్?"

"చదువుకున్నవారు, నాతో చెప్పించకండి."

మా వీధి చివర చర్చిలో బేస్ వాయించే ఫిన్నీ ఒకప్పుడు పుస్తకాలు ఆలస్యంగా తెచ్చి నా చేత చీవాట్లు తిన్నవాడు. కూరగాయల బజార్లో కనిపించి చెయ్యి సంగతి అడిగాడు. చెప్పాను. సాయంత్రం గుప్పిట్లో పట్టేంత ఇనప డబ్బా ఒకటి పట్టుకుని ఇంటికొచ్చాడు.

"కంప్రెసర్ పెడల్ అంటారు సార్. గిటారుకీ యాంప్లిఫయరుకీ మధ్య పెట్టుకుని కాలితో నొక్కాలి. గట్టిగా వచ్చిందాన్ని కాస్త అణుస్తుంది. నీరసంగా వచ్చిందాన్ని కాస్త లేపుతుంది."

"మోసం కాదూ?"

"కళ్ళజోడు పెట్టుకుని చదివితే మోసమా సార్? తాళం మాత్రం మీరే పట్టాలి. అది తప్పితే ఈ డబ్బా ఏం చెయ్యలేదు. కరెంటు పెట్టుకోవచ్చు, బ్యాటరీ అయినా వేసుకోవచ్చు."

నొక్కాను. చిన్న ఎర్రదీపం వెలిగింది. వేళ్ళు ఎప్పటిలాగే తడబడ్డాయి. స్వరాలు మాత్రం పక్కపక్కన ఒకే ఎత్తులో నిలబడ్డాయి.

ధనలక్ష్మి గుర్తొచ్చింది. భోజనాల దగ్గర మా అన్నయ్య గొంతు పెంచితే ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసేది. నోరు విప్పని మా మరదల్ని "నువ్వేమంటావే?" అని కదిపేది. ఆమె ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో అందరి మాటా వినపడింది.

గురువారం తెనాలి నుంచి అందరం వ్యానులో బయల్దేరాం. భట్టిప్రోలు దగ్గర కాలవ మీంచి చల్లటి గాలి వచ్చింది. పెడల్ డబ్బా నా ఒళ్ళోనే ఉంది. మీరా భాయ్ దానివైపు ఒకసారి చూశాడు.

రేపల్లె ఫంక్షన్ హాల్లో మొదటి పాట బాగానే సాగింది. రెండో పాట మధ్యలో కరెంటు పోయింది. జనరేటరు వేశారు. అంతే, స్పీకర్లలోకి తుమ్మెదలు దూరినట్టు ఒకటే రొద. నీరసంగా ఉన్న చప్పుడునల్లా లేపే డబ్బా కదా, జనరేటరు రొదను కూడా అంతే శ్రద్ధగా లేపింది.

"మాస్టారూ, ముందా డబ్బా తీసేయండి!"

తీసేశాను. రొద పోయింది. నా వేళ్ళ సంగతి బయటపడింది. మీరా భాయ్ ఎడమచెయ్యి కింది మెట్ల మీదికి జరిగింది.

తర్వాతిది పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ వేదిక ఎక్కే పాట. బేస్‌తోనే మొదలవుతుంది. అది కూడా అతనే వాయిస్తే, ఇక నేను బాపట్లలో రైలెక్కాల్సిన పని ఉండదు.

రొద వస్తున్నది జనరేటరు కరెంటుతో, బ్యాటరీ వేస్తే రాదు. డబ్బా అడుగు మూత తీసి చూశాను. చదరపు బ్యాటరీ పట్టే గూడు ఖాళీగా ఉంది.

"ఇలాంటి బ్యాటరీ ఎక్కడైనా ఉందామ్మా?" అని షాహీనాని అడిగాను.

ఆమె నవ్వాపుకుంటూ అజయ్ బాబు వైపు చూపించింది. అజయ్ బాబు మా యాంకరు. పాటకీ పాటకీ మధ్య మాట్లాడటం అతని పని. అతను మొదలుపెడితే పాట ఎప్పుడో మాకే తెలియదు. అతని చేతిలో తీగలేని మైకు ఉంది.

మీరా భాయ్‌కి అర్థమైంది.

"అజయ్, ఆ మైకులో బ్యాటరీ ఇటివ్వు."

"అదేంటి భాయ్! నేనింకా పెళ్ళికొడుకు మేనమామల దాకా రాలేదు!"

"అందుకే అడుగుతున్నా."

ముందు వరసలోంచి ఒక పెద్దాయన, "ఇచ్చెయ్ నాయనా, పుణ్యముంటుంది," అన్నాడు. హాలు గొల్లుమంది.

అజయ్ బాబు మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఇంతలో అతని చూపు నా కుడిచేతి మీద పడింది. ఏమనుకున్నాడో, మైకు అడుగు తిప్పి బ్యాటరీ తీశాడు. తనే కింద కూర్చుని దాన్ని గూట్లో అమర్చాడు.

"నా నోరు మీ కాలికింద పెడుతున్నా అన్నా. చూసి తొక్కండి."

తొక్కాను. ఎర్రదీపం వెలిగింది. రొద లేదు.

మొదటి స్వరం వదిలాను. రెండోదానికి వేలు బలం చాలలేదు, అయినా అది మొదటిదాని పక్కనే సమంగా వచ్చి నిలబడింది. తాళం ఒక్కటే పట్టుకున్నాను. షాహీనా పల్లవి సరిగ్గా అందుకుంది. పూలు చల్లుతుండగా జంట మెట్లెక్కింది. నేను వాళ్ళను చూడలేదు. నా కళ్ళు మీరా భాయ్ ఎడమచేతి మీదే ఉన్నాయి. అది కింది మెట్ల మీద వాలి, నొక్కకుండా, కాసేపు విన్నది.

తర్వాత మెల్లగా పైకి లేచింది. పక్కనున్న స్టూలు మీద తడుముకుని, ఎప్పుడో చల్లారిపోయిన టీ గ్లాసు అందుకుంది. పాట మధ్యలో మీరా భాయ్ టీ తాగడం నేను చూడటం అదే మొదటిసారి.

అంతా అయ్యాక వైర్లు చుడుతూ నా దగ్గరికొచ్చాడు.

"చేబ్రోల్లో ఇంకో ఫంక్షన్ ఒప్పుకున్నానండి. రిహార్సల్‌కి పొద్దున బండికే వచ్చేయండి మాస్టారూ."

"తర్వాత సంగతేదో మాట్లాడదామన్నారు?"

"అదేనండి సంగతి," అన్నాడు.

వెనకనుంచి అజయ్ బాబు చెయ్యి చాపాడు.

"నా బ్యాటరీ ఇలా ఇవ్వండన్నా. చేబ్రోలుకి మీది మీరే తెచ్చుకోండి. అక్కడా మేనమామలుంటారు."