దుప్పి పిల్ల తాగిన గంజి

కళ్యాణి మేడమ్ నా మనవరాలి జవాబు కాగితం తీసి నాకు చూపించింది.

"మనోజ్ఞ గడగడా చదువుతది పెద్దమ్మా. రాయమంటే మాత్రం పాఠంలో లేనిది రాస్తది. గిట్లయితే రెండో తరగతి పిల్లల్లో కూసోబెట్టాలె. 'చివరికి దుప్పి పిల్ల ఏం చేసింది?' అని అడిగితే 'ఇంటికొచ్చి గంజి తాగి పడుకుంది' అని రాసింది. దీంట్ల గంజి ఏడుంది?"

వెనక బల్లలోంచి ఎవడో "దుప్పికి ఆవకాయ గూడ ఏసినవా?" అన్నాడు. మూడో తరగతి అంతా నవ్వింది. మనోజ్ఞ తల దించుకుంది.

ఆ కాగితం అడిగి తీసుకున్నాను. ఆ గంజి పోసింది నేనే.

నేను బడికి పోలేదు. కొట్లో సరుకులు కట్టిచ్చిన కాగితాలు చూస్తూ, అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. రోజూ సాయంత్రం మనోజ్ఞను పక్కన కూర్చోబెట్టుకుని దాని పుస్తకం నేనే చదివి వినిపిస్తాను. కానీ కథలో ఎవరైనా వెళ్లిపోయి తిరిగి రాకపోతే ఆ మాట నాకు చదవబుద్ధి కాదు. మా ఇంట్లో అలా పోయినవాళ్లు చాలామంది. అందుకని కథల్లో వాళ్లనైనా ఇంటికి తెచ్చేస్తాను.

బడి నుంచి ఇంటికి వస్తూ పామాయిల్ తోట పక్కన నడుస్తుంటే మనోజ్ఞ అంది: "నువ్వు చదివిందే రాసిన గదా."

"అవ్ బిడ్డా. నేనే వేరే తీరుగ చదివిన."

"నీకు చదువు రాదా మరి?"

"వస్తది."

అది నావైపు వింతగా చూసింది.

ఇంటికొచ్చాక పుస్తకం దాని చేతికే ఇచ్చాను. ఈసారి గడగడా కాదు, వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివింది. వానలు పడ్డాయి. దుప్పి పిల్లకు మంద అరుపు వినిపించింది. పెంచిన ఇంటి కంచె దూకి అడవిలోకి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ చివరి మాట దగ్గర ఆగి, ఇంకోసారి చదువుకుంది.

"గంజి లేదు అమ్మమ్మా."

"లేదు."

కాసేపు పుస్తకం మూలలు మడిచింది. "అమ్మ పని అయిపోయినంక వచ్చి మనతోనే ఉంటదన్నవ్. అది గూడ గంజేనా?"

దాని తల్లి నాగలత సత్తుపల్లిలో మళ్లీ పెళ్లి చేసుకుంది. పనికి పోయిందని చెప్పి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. ఇప్పుడు కూడా ఇంకో మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"అవ్. చూసిపోనీకి వస్తది. ఉండనీకి రాదు. అక్కడ మీ అమ్మకు ఇంకో ఇల్లుంది."

మనోజ్ఞ ఏడవలేదు. నా చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"నువ్వో?"

ఎక్కడికీ పోనని చెప్పబోయాను. నా వయసు గుర్తొచ్చింది.

"ఇయ్యాల ఈడనే ఉన్న. రేప్పొద్దున బడికి నేనే తీస్కపోత."

అది నా మొహం పరీక్షగా చూసింది. తర్వాత పెన్సిల్ తీసి, బడి నుంచి తెచ్చిన కాగితం మీద పాత జవాబు కొట్టేసి కింద కొత్తగా రాసింది. 'దుప్పి పిల్ల అడవిలోకి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.'

"చదువు," అంది.

చదివాను. ఒక్క మాట కూడా మార్చలేదు.

"ఇగ గంజి పొయ్యి. నాకు ఆకలైతంది."