మెరారీయుల బండి

గంగరాజుది అమలాపురం దగ్గర పల్లె. కువైట్‌లోని సులైబియాలో గుడారాలు అద్దెకిచ్చే యార్డులో పదకొండేళ్లుగా పని. చలికాలంలో కువైటీలు ఎడారికి తరలిపోతే వాళ్ల గుడారాలు వేసేదీ, విప్పేదీ అతనే. అక్కడి మహబూలాలోని తెలుగు క్రైస్తవ సహవాసం ఏటా జనవరిలో ఒక శుక్రవారం ఎడారిలో ఆరాధన పెట్టుకునేది. ఆ గుడారం భారం కూడా అడగకుండానే అతని నెత్తిన పడేది.

పనికి అతను వెనుదీయడు. కష్టమనిపించేదల్లా ఒక్కటే. ఆరాధన అవగానే పాటల బృందం కీబోర్డు, స్పీకర్లు అక్కడే వదిలేసి బస్సెక్కేసేది. "జాగ్రత్తగా సర్దవోయ్ గంగరాజూ" అని బృందం పెద్ద రత్నరాజు చెయ్యూపి వెళ్లిపోయేవాడు.

రెండువేల ఎనిమిది ఆరాధనలో పాస్టరు ప్రకాశం అయ్యగారు లేవీయుల గురించి ప్రసంగించారు. ఇశ్రాయేలీయులు ఎడారిలో తిరిగినన్నాళ్లూ దేవుడి గుడారాన్ని విప్పడం, మోయడం, మళ్లీ నిలబెట్టడం ఆ గోత్రం వారి పని. తర్వాత అందరికీ భూములు పంచినా వారికి పంచలేదు. ఆ సేవే వారి వాటా.

"వాళ్లలో మూడు వంశాలండి. కహాతు వంశానిది దేవుడి ఆజ్ఞల పలకలుండే మందసం, దీపస్తంభం, బలిపీఠాలు. గెర్షోను వంశానిది తెరలు, పైకప్పులు. మెరారి వంశానిది పలకలు, స్తంభాలు, మేకులు, తాళ్లు."

మేకులు అనగానే గంగరాజు నిటారుగా కూర్చున్నాడు. మోషే కాలంలోనే మేకులకు మనుషుల్ని ఏర్పాటు చేశారన్నమాట, అదీ పేరు పెట్టి మరీ!

"అయితే మేం కహాతీయులమండి అయ్యగారూ! పవిత్రమైనవన్నీ మా దగ్గరేగా" అన్నాడు రత్నరాజు. అందరూ నవ్వారు.

గంగరాజు లేచి నిలబడ్డాడు. "నాదో సందేహమండి. అంత బరువు ఎలా మోసేవారండి? బండ్లేమన్నా ఇచ్చారాండి?"

"ఆరు బండ్లు కానుకగా వచ్చాయి. మోషే రెండు గెర్షోను వాళ్లకిచ్చాడు, నాలుగు మెరారి వాళ్లకిచ్చాడు."

"మరి కహాతు వాళ్లకండి?"

అయ్యగారు రత్నరాజు వైపు చూసి నవ్వాపుకోలేకపోయారు. "ఒక్కటీ లేదు. అవి పవిత్రమైనవి కదా, వాళ్లు భుజాల మీదే మొయ్యాలి, ఇంకెవరూ ముట్టకూడదు."

గుడారమంతా గొల్లుమంది. గుడారం సామాను మోసే చిన్న లారీ, హాఫ్‌లారీ, తోలే రాయచోటి మస్తాన్ వలి బయట టీ తాగుతూ అంతా విన్నాడు. "బండి మెరారోళ్లదంట! పాటలోళ్ల సామాను ఒగటి గూడా ఎక్కించుకునేది ల్యా!" అని అక్కణ్ణుంచే కేకేశాడు.

ఇసుకలో దిగబడుతుందని బస్సును అరకిలోమీటరు దూరాన తారురోడ్డు మీదే ఆపారు. రత్నరాజు మాట తప్పే మనిషి కాదు. కీబోర్డు భుజానికెత్తుకున్నాడు. బృందం స్పీకర్లు పట్టుకుని పాడుకుంటూ వెనకే బయల్దేరింది. సగం దారికి పాట పోయి ఆయాసం మిగిలింది.

గంగరాజు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. ఆ తర్వాత చూస్తూ ఉండలేక పరుగెత్తి పెద్ద స్పీకరు ఒక కొస పట్టుకున్నాడు.

"మెరారి వాళ్లు ముట్టుకోవచ్చంటావా?" అన్నాడు రత్నరాజు రొప్పుతూ.

"ఇది స్పీకరే కదండీ, మందసమా?"

సామాను బస్సులో పెట్టాక రత్నరాజు బస్సెక్కలేదు. చొక్కా చేతులు మడుచుకుని గంగరాజుతో వెనక్కొచ్చాడు. ఒక మేకును రెండు చేతులా పట్టి ఒక్క గుంజు గుంజి, వెల్లకిలా ఇసుకలో పడ్డాడు.

"అలా కాదండి. ముందు నాలుగువైపులా ఊపాలండి. వదులయ్యాక అదే వచ్చేస్తుంది."

ఆ రోజు ఊడిన నలభై రెండు మేకుల్లో పదకొండు రత్నరాజు పీకినవే. చివరిది గంగరాజు చేతిలో పెట్టి, అక్కడే చతికిలబడి, మస్తాన్ వలిని టీ అడిగాడు.