లేదు అనకూడని చోట

మా కంపెనీలో 'లేదు' అనే మాట నిషిద్ధం. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే మాకు మాటల పాఠాలు చెప్పారు. చెప్పినావిడకి ఏదో పెద్ద హోదా ఉండేది గాని అందరం ఆవిణ్ణి మాటల టీచర్ అనేవాళ్ళం. లేదు, కాదు, వద్దు, కుదరదు. ఈ నాలుగూ మా నోట్లోంచి రాకూడదు. విమానం అద్దెకు తీసుకుని ఒక్కడే తిరిగే మనిషి ఆ మాటలు విని చాలాకాలమై ఉంటుందనీ, మళ్ళీ వినిపించే మొదటి మనుషులం మేం కాకూడదనీ ఆవిడ చెప్పింది. ప్రయాణికుడు అడిగిన పానీయం విమానంలో లేకపోతే "మీకోసం ఇంకొకటి చల్లబరిచి ఉంచాను" అనాలి. వాతావరణం బాగాలేక బయల్దేరకపోతే "ఆకాశం సిద్ధమవుతోంది" అనాలి. తెలియని సంగతి అడిగితే "మంచి ప్రశ్న" అని, నవ్వి, అక్కణ్ణించి కదిలిపోవాలి.

నేను తొందరగా నేర్చుకున్నాను. చిన్న విమానం, గుప్పెడు సీట్లు, వాటికి ఎయిర్‌హోస్టెస్‌ని నేనొక్కదాన్నే. నా గొంతు బావుందని కంపెనీ ఫోన్లో వినిపించే మాటలు కూడా నాతోనే చెప్పించారు. అప్పుడప్పుడూ ఏదో పని మీద ఆఫీసుకి ఫోన్ చేస్తే, కాస్త ఆగమని నాకు నేనే మర్యాదగా చెప్పుకునేదాన్ని. ఆగేదాన్ని.

ఒక మాట నోట్లోంచి పోతే కొన్నాళ్ళకి మనసులోంచి కూడా పోతుందని మాటల టీచర్ హామీ ఇచ్చింది. నా విషయంలో అది పోలేదు, చోటు మార్చుకుంది. కుడివైపు పక్కటెముకల కింద ఒక బిగువులా వచ్చి కూర్చుంది. డాక్టరుకి చూపించుకున్నాను. పరీక్షలన్నీ చేసి, ఏమీ లేదన్నాడు. అంత తేలిగ్గా ఆ మాట అనగలిగిన మనిషిని చాలాసేపు చూశాను.

ఆ రోజుల్లోనే ఒకాయన నన్ను పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. "మీ ఆలోచన చాలా బావుంది" అన్నాను. ఆయన దాన్ని అవునుగా తీసుకుని కొన్ని నెలలు ఆనందంగా గడిపాడు. తర్వాత ఎవరో ఆయనకి విడమర్చి చెప్పారు.

నేను అక్కావాళ్ళింట్లోనే ఉంటాను. బావని కంపెనీలో పెట్టించింది నేనే. గేటు దగ్గర దిగిన ప్రయాణికుణ్ణి పొడుగాటి నల్లకారులో ఎక్కించుకుని విమానం మెట్ల దగ్గర దింపడం బావ పని. ఆ దూరం మా ఇంటికీ వీధి చివర కొట్టుకీ ఉన్నంత కూడా ఉండదు. దానికోసం తెల్లటి చేతితొడుగులు ఇచ్చారు. బావ వాటిని రోజూ సాయంత్రం తనే ఉతికి, కిటికీ చువ్వలకి వేళ్ళు పైకి ఉండేట్టు తగిలించేవాడు. వీధిలోంచి చూస్తే ఇంట్లో ఎవరో లొంగిపోయినట్టు ఉండేది.

మాటల పాఠాలు బావకీ చెప్పారు. నాకది ఉద్యోగం, ఆయనకది భక్తి. కూరగాయలు తెచ్చావా అని అక్క అడిగితే "తెచ్చే ఏర్పాట్లు జరుగుతున్నాయి" అనేవాడు. ఇద్దరూ కలిసి తన కొంపని విమానాశ్రయం చేశారని అక్క సణిగేది. అలాగని అక్క కూడా వంటింట్లో ఏదీ లేదనదు. అది మా అమ్మ దగ్గర అబ్బిన అలవాటు. పంచదార అయిపోతే "నిండుకుంది" అంటుంది. ఈ మాట ఒకసారి టీచరుకి చెప్పాను. ఆవిడ ముచ్చటపడి రాసుకుని, కాసేపు ఆలోచించి కొట్టేసింది. ప్రయాణికుడు నిజంగానే నిండుగా ఉందనుకుని ఇంకో గ్లాసు అడిగే ప్రమాదం ఉందట.

బావకి డ్రైవింగ్ నేర్పిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. స్కూలు వ్యాన్లు నడుపుతాడు. ఆయన డ్రైవర్లలో ఒకడు చూపు మందగించి మానేశాడు. ఆ చోటుకి బావని రమ్మన్నాడు. స్కూళ్ళు తెరిచే ముందురోజు సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పాలి, చెప్పకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానన్నాడు. అక్క వెళ్ళమంది. కంపెనీలో విమానాలు ఒక్కొక్కటే తగ్గిపోతుంటే మనుషులు మాత్రం ఎందుకు తగ్గరని ఆమె అనుమానం. బావ తేల్చలేదు. చేతితొడుగులు విప్పడం ఆయనకి ఇష్టం లేదని నాకు తెలుసు.

ఆ ముందురోజు మధ్యాహ్నం అందర్నీ హ్యాంగర్‌లోకి రమ్మన్నారు. విమానాలు నిలిపే ఆ పెద్ద షెడ్డులో ఆ రోజు విమానం కనిపించలేదు. అది ఉండే చోట నేల మీద నూనె మరకలు మాత్రం విమానం ఆకారంలో మిగిలాయి. మనుషులు ఆ మరకల మీద కాలు పడకుండా చుట్టూ నిలబడ్డారు. ఎవరూ అలా నిలబడమని చెప్పలేదు.

మా మేనేజరుని అందరూ ఇస్త్రీ అంటారు. ఏ వేళ చూసినా చొక్కా మీద ముడత ఉండదు. ఇస్త్రీ నన్ను పక్కకి పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు. భూమ్మీద పనిచేసేవాళ్ళకి, అంటే డ్రైవర్లకీ మెకానిక్కులకీ సామాన్లు మోసేవాళ్ళకీ, అది చదివి వినిపించాలన్నాడు. నా గొంతులో అయితే బావుంటుందట. చదివాను మనసులో. సంగతి అర్థమైంది. నేను ఆకాశంలో పనిచేసేదాన్ని కాబట్టి కాగితం నా గురించి కాదనీ అర్థమైంది. అలా అర్థమైనందుకు పక్కటెముకల కింద ఏదో కాస్త వదులైనట్టుంది. ఆ వదులు నాకు నచ్చలేదు, కాని ఉంది. బావకి బయటికి వచ్చాక విడిగా చెప్పుకోవచ్చనుకుని మైకు తీసుకున్నాను.

"మన సంస్థ కొత్త ఎత్తులకు చేరుకుంటున్న ఈ వేళ, నేల మీది మన కుటుంబ సభ్యులందరికీ దీర్ఘ విశ్రాంతి ఏర్పాటు చేశాం. మా గుండెల్లో మీకెప్పటికీ చోటుంటుంది. రేపటి నుంచి మీరెక్కడున్నా మాతో ఉన్నట్టే."

ముందు వరుసలో ఉన్న మెకానిక్ ఒకడు, గెంటేస్తున్నారా అని అడిగాడు. మంచి ప్రశ్న అన్నాడు ఇస్త్రీ. నవ్వి, అక్కణ్ణించి కదిలిపోయాడు. వెనక వరుసలోంచి చప్పట్లు వినిపించాయి. బావవి. తొడుగులున్న చేతుల చప్పట్లు మెత్తగా, దిండు దులిపినట్టు వినిపిస్తాయి.

తర్వాత ఒక్కొక్కరి దగ్గరా వస్తువులు తీసుకున్నారు. బావ దగ్గర చేతితొడుగులు అడిగారు, ఉతకడానికని చెప్పి. బావ వేళ్ళు ఒక్కొక్కటే లాగి, రెండూ మడిచి ఇచ్చాడు. నేను దగ్గరికి వెళ్ళేలోపే వాళ్ళని బస్సెక్కించి గేటు బయట దింపేశారు. ఎక్కుతూ బావ నాకు చెయ్యూపాడు. ఆ చేతిని ఆ ఆవరణలో తొడుగు లేకుండా చూడటం అదే మొదలు. అది వంటింట్లో చెయ్యిలాగే ఉంది.

ఇస్త్రీ వచ్చి నేను చాలా బాగా చదివానన్నాడు. నా గొంతు తమకి ఎప్పటికీ గుర్తుంటుందన్నాడు. థాంక్స్ చెప్పి మొహం కడుక్కోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చి తలుపు దగ్గర కార్డు పెడితే ఎర్ర లైటు వెలిగింది. కార్డుని మెడలో ఉన్న కంపెనీ స్కార్ఫ్ అంచుకి తుడిచి మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఎర్ర లైటే. అద్దం అవతల ఉన్న గార్డు నాకు బాగా తెలిసినవాడే.

"తలుపు విశ్రాంతి తీసుకుంటోంది మేడమ్," అన్నాడు. నా మెడవైపు చూడకుండా, "ఆ స్కార్ఫ్ ఇటిస్తే ఉతకడానికి పంపిస్తాం," అన్నాడు.

స్కార్ఫ్ విప్పి ఇచ్చాను. ఇస్త్రీ మాటల్లో నన్ను పంపించేసిన వాక్యం ఏదో వెతుక్కుంటూ గేటు దాకా నడిచాను. అన్నీ పొగడ్తలే గుర్తొచ్చాయి.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని బావకి ఫోన్ చేశాను. ఎంతసేపు చేసినా ఎంగేజ్ వచ్చింది. ఏం చెప్పాలో సాధన చేశాను. బావా, మన ఉద్యోగాలు. అక్కడ ఆగిపోయేది. ఆ తర్వాత రావలసిన మాట చిన్నది, పసిపిల్లలకి కూడా వచ్చేది. అది నాలుక మీదికి వచ్చేలోపు దాని చోట్లో ఇంకేదో మర్యాదస్తురాలు వచ్చి కూర్చునేది. పక్క సీటావిడ నా పెదాలు కదలడం చూసి బ్యాగు దగ్గరికి లాక్కుంది.

ఇంటికి వెళ్ళేసరికి బావ మంచి హుషారుగా ఉన్నాడు. కుర్చీలో కాళ్ళు చాపుకుని అక్కకి వివరిస్తున్నాడు. దీర్ఘ విశ్రాంతట, ఎక్కడున్నా డ్యూటీ కిందే లెక్కట, తొడుగులు కూడా ఇక వాళ్ళే ఉతుకుతారట.

"మీ చెల్లెలు ఏం చదివిందనుకున్నావు! ఆ గొంతుతో నన్ను ఉరి తియ్యమన్నా చప్పట్లు కొడతాను," అన్నాడు.

పెద్దాయనకి ఫోన్ చేశావా అని అడిగాను. చేసేశాడట. రానని చెప్పేశాడట. కంపెనీ ఇంత గౌరవిస్తుంటే వ్యాన్ ఎక్కడమేంటన్నాడు.

కిటికీలోంచి వెలుతురు తగ్గుతోంది. చువ్వలు ఖాళీగా ఉన్నాయి. నేను నిలబడే, "బావా, కంపెనీ మనకి కొత్త అవకాశాలు వెతుక్కునే స్వేచ్ఛ ఇచ్చింది," అన్నాను. స్వేచ్ఛ కూడా ఇచ్చారా అని బావ సంతోషించాడు. మళ్ళీ ప్రయత్నించాను. మన సీట్లు ఇంకొకరికోసం సిద్ధం చేస్తున్నారన్నాను. పైసీటేమో, నీకు ప్రమోషనేమో అన్నాడు. నేను చెప్పేకొద్దీ ఆయన ఆనందం పెరుగుతోంది. ఇంకో రెండు వాక్యాలు చెబితే కంపెనీ మాదే అయ్యేట్టుంది.

అంతలో వంటింట్లో డబ్బా మూత తీసిన చప్పుడైంది. అడుగున చెంచా గీసిన చప్పుడు. "పంచదార నిండుకుంది," అంది అక్క.

"బావా," అన్నాను. "మన ఉద్యోగాలు నిండుకున్నాయి."

బావ కాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు. నా మెడ వైపు చూశాడు, స్కార్ఫ్ ఉండే చోట.

"అడుగున ఏమైనా..."

"గీసి చూశాను."

అక్క చెంచా చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "లేవా? ఇద్దరివీ లేవా?" అంది. ఆ మాట అక్క నోట విన్న గుర్తు నాకు లేదు.

బావ తన చేతులు తిప్పి చూసుకున్నాడు. చప్పట్లు కొట్టాను కదే అన్నాడు, ఎవరితోనో తెలీకుండా. కొట్టావు అన్నాను. ఆ తర్వాత ముగ్గురం పెద్దాయన గురించే ఆలోచించాం. సాయంత్రం అయిపోవచ్చింది. ఆయన ఈపాటికి ఇంకొకణ్ణి పెట్టుకుని ఉంటాడు.

అక్క ఉన్నట్టుండి, "నువ్వు ఆయనతో సరిగ్గా ఏమన్నావు?" అని అడిగింది. రానన్నానన్నాడు బావ. అలాగే అన్నావా, ఆ ముక్కే అన్నావా అని నిలదీసింది. బావ తల వంచుకున్నాడు. ఆ ముక్క తనకీ రాలేదట. కంపెనీ పద్ధతిలోనే చెప్పాడట.

ఫోన్ స్పీకరులో పెట్టించింది అక్క. పెద్దాయన మొదటి రింగుకే ఎత్తాడు. వెనక పిల్లలెవరో గోల చేస్తున్నారు.

"ఏరా, తెల్లారేసరికి షెడ్డు దగ్గరుండు. మళ్ళీ గుర్తు చెయ్యనక్కర్లేదుగా?"

బావ నోరు తెరిచి మా ఇద్దర్నీ చూశాడు. నేను వస్తున్నానని మీకెలా అనిపించిందని మెల్లిగా అడిగాడు.

"నువ్వే కదరా, నా వ్యాన్‌కి నీ గుండెల్లో ఎప్పటికీ చోటుంటుందన్నావు? నలుగురైదుగుర్ని అడిగాను. ఒక్క వెధవైనా అంత మాటన్నాడా?" ముందే చెప్పేస్తున్నానన్నాడు పెద్దాయన. ఏసీ లేదు. పాటలు లేవు. హారన్ లేదు, పిల్లల అరుపులే హారన్. పండగలకి తప్ప సెలవు లేదు. ఎదురు చెప్పేది లేదు.

ఒక్కొక్క లేదుకీ బావ తలూపుతున్నాడు. అవతలి మనిషికి కనిపించదని కూడా చూసుకోవడం లేదు. నేను ఫోన్ మీదికి వంగాను.

"పెద్దాయనా, నేను వీళ్ళ మరదల్ని. నాక్కూడా పని పోయింది. పిల్లల్ని ఎక్కించి దించే పనైనా ఏమైనా ఉందా?"

"లేదమ్మా," అన్నాడు వెంటనే. "ఆయా ఉంది. ఎప్పట్నించో చేస్తోంది. ఆవిణ్ణి తీసేసి నిన్ను పెట్టుకోను."

సరేనండి అన్నాను. ఆ జవాబులో వెతకవలసింది ఏమీ లేదు. మొత్తం అక్కడే ఉంది, గోడకి తగిలినట్టు తగిలింది. పక్కటెముకల కింద ఉన్నది చోటులోంచి కదిలి, నొప్పిగా, గొంతు వైపు బయల్దేరింది.

ఫోన్ పెట్టేశాక అక్క ఖాళీ డబ్బా నా ముందు పెట్టి, కొట్టు మూసేలోపు వెళ్ళి పంచదార తెమ్మంది.

"కుదరదు," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. కూర్చున్నాను. కాసేపటికి బావ లేచి, చెప్పులేసుకుని, "వెళ్ళొస్తా," అని సంచీ తీసుకున్నాడు.